చిన్న బండికి పెద్ద ఇంజిన్

ఎలమంచిలి,
9 జూలై 1978.

తమ్ముడు జాన్‌బాబుకి అక్క రత్నమణి దీవెనలు.

ప్రభువు దయవల్ల నేనూ మీ బావా బాగున్నాం. జయశీలకి దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం మానొద్దని చెప్పు. ఎంత మొగుడు మాట విననిదైనా ఆడపడుచు మాట వింటుంది.

నీతో ఒక పని పడింది. మీ బావ బండి గురించి. ఆయన మిషన్ ఆసుపత్రి తరఫున ఊళ్ళు తిరిగి కుష్టు రోగులకి మందులిచ్చి వస్తారని నీకు తెలుసు కదా. ఈ ఏడాది నుంచి పుళ్ళు కడిగి కట్లు కట్టడానికి నన్నూ ఆ పనికే వేశారు. ఆసుపత్రికి ఉన్న ఒక్క జీపూ డాక్టరుగారికే చాలదు. అందుకని ఆ అరవై సీసీ బండి మీదే ఇద్దరం, ఒక మందుల పెట్టె, కట్ల సంచీ.

నేల మీద బాగానే పోతుంది. గొడుగుపాలెం గుట్ట దగ్గరే దాని ప్రాణం పోతుంది. గుట్ట మీద ఉన్నది చిన్న పల్లె. దారి నిలువుగా ఉంటుంది, అంతా ఎర్ర గులక. సగం దూరం ఎక్కేసరికి ఇంజిన్ మూలుగుతుంది. నేను దిగి పెట్టె నెత్తిన పెట్టుకుంటాను, ఆయన బండి తోస్తారు. పైకి చేరేటప్పటికి సైలెన్సరు కంటే మేమే ఎక్కువ పొగలు కక్కుతుంటాం. మొన్న అంత కష్టపడి వెళ్తే, మేము రామనుకుని రోగులందరూ పనుల్లోకి వెళ్ళిపోయారు.

కొత్త బండి మా వల్ల కాదు. ఈ బండికే పెద్ద ఇంజిన్ వెయ్యడం కుదురుతుందా? చిన్నప్పుడు అమ్మ కుట్టుమిషనుకి పంకా మోటారు బిగించి, ఆమె చీర చెంగు కుట్టేసినవాడివి. నువ్వు తప్ప ఇంకెవర్ని అడగను?

నీ అక్క,
రత్నమణి.

&nbsp;

గోపాలపట్నం,
16 జూలై 1978.

అక్కకి, బావగారికి వందనాలు.

నీ ఉత్తరం పోర్టు వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి భోజనాల దగ్గర చదివి వినిపించాను. పెద్ద ఫిట్టర్లందరూ నవ్వారు. సన్యాసిరాజు అయితే అన్నం ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఈ సన్యాసిరాజు మా ఇంటి పక్కనే ఉంటాడు. దువ్వాడ అవతల వాళ్ళ భూములు ఉక్కు ఫ్యాక్టరీలోకి వెళ్ళాక ఇటు వచ్చి వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఇనుముకి ఇనుము అతికిస్తే అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు, అంత పనివాడు.

"ఏటి బావా," అన్నాడు, "మేకపిల్లకి ఎద్దు గుండెకాయి ఎడతానంతన్నావేటి?"

"పెట్టగలవా, లేవా?"

"ఎట్టగల్ను. మరి మేకపిల్ల ఊరుకుంతాదా అని."

అక్కా, అతను అన్నదాంట్లో నిజం ఉంది. ఇంజిన్ ఒక్కటే మారిస్తే సరిపోదు. దాన్ని మోసే చట్రం బలంగా ఉండాలి. చైను సరిగ్గా నడవాలి. కాని నాకు మాత్రం నీ ఉత్తరం చదివినప్పటి నుంచి వేరే ధ్యాస లేదు. జయశీల చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోతే కూడా గమనించలేదట.

బండిలో పెట్రోలు పూర్తిగా తీసేసి, గోనె చుట్టి, రైల్లో దువ్వాడకి పార్సిలు చెయ్యండి. నేను దింపుకుంటాను. బావ బరువెంతో, బండి మీద ఎలా కూర్చుంటారో రాయి. మనిషిని బట్టి బండి చెయ్యాలి.

నీ తమ్ముడు,
జాన్‌బాబు.

&nbsp;

ఎలమంచిలి,
30 జూలై 1978.

తమ్ముడికి దీవెనలు.

బండి నిన్న పాసింజరులో ఎక్కించాం. మీ బావ ప్లాట్‌ఫారం చివరిదాకా దానితో పాటు నడిచారు. ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టుందన్నారు.

ఆయన బరువు మామూలే. కొన్ని సంగతులు మాత్రం చూడు. పెద్ద ఇంజిన్‌కి కిక్కు గట్టిగా ఉంటుందంటారు, దాన్ని కాస్త తేలిక చెయ్యగలవా? సీటు ఒక బెత్తెడు దిగితే మంచిది. రెండు కాళ్ళూ పూర్తిగా నేలకి ఆనాలి. చైను ఎక్కడా బయటికి కనిపించకుండా పై నుంచి కింద దాకా రేకు మూత వెయ్యి. గుడ్డలు పడతాయని భయం. క్లచ్ మెత్తగా ఉండాలి.

మీ బావకి ఈ మధ్య నడుం నొప్పి. అందుకని అడుగుతున్నాను.

నీ అక్క,
రత్నమణి.

&nbsp;

గోపాలపట్నం,
10 సెప్టెంబరు 1978.

అక్కా,

ఇంజిన్ పలికింది!

మొదటి నుంచీ చెప్తాను. కంచరపాలెంలో ఒక తుక్కు దుకాణంలో పాత రాజ్‌దూత్ మోటారు సైకిలు దొరికింది. చట్రం తుప్పు పట్టి విరిగిపోయింది గాని, ఇంజిన్ మాత్రం మంచిది. నూట డెబ్బై అయిదు సీసీ. విప్పి కడిగి, లోపల పిస్టన్‌కి కొత్త రింగులు వేశాను. మన బండి దగ్గర పెట్టి చూస్తే, తొట్టెలో పెద్ద మనిషిని పడుకోబెట్టినట్టు ఉంది. అడుగున ఉన్న గొట్టం కోసేసి, దాని బదులు లావు గొట్టం ఒంపు తిప్పి సన్యాసిరాజు అతికించాడు. ఇంజిన్ని పట్టి ఉంచే చెవులు కొత్తవి చేశాం. అంతా అయ్యాక చూస్తే, ముందు పళ్ళచక్రం ఒక గీతలో ఉంది, వెనక పళ్ళచక్రం ఇంకో గీతలో ఉంది. అలా ఉంటే చైను నాలుగు రోజుల్లో తెగిపోతుంది. చేసిన చెవులన్నీ కోసి, దారం కట్టి చూసుకుంటూ మళ్ళీ అతికించాం. సన్యాసిరాజు ఒక్క మాట అనలేదు. అతను ఏమీ అనకపోతే బాగా కోపం వచ్చిందని అర్థం.

శనివారం సాయంత్రం కిక్కు కొట్టాను. మొదట దగ్గింది. తర్వాత నీలం పొగ వదిలి, లయ దొరికించుకుంది. ఆ చిన్న ఒళ్ళులోంచి ఆ గొంతు వస్తుంటే వీధి వీధంతా బయటికి వచ్చింది. జయశీల గుమ్మంలో నిలబడి, "ఇల్లు కూలుద్దేటండీ!" అంటూ నవ్వింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయంటే నువ్వు నవ్వకూడదు.

వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చాక సింహాచలం ఘాటు రోడ్డు మీద ఎక్కించి చూస్తాం. అక్కడ ఎక్కితే మీ గొడుగుపాలెం ఒక లెక్కా?

ఒకటి అడగాలి. బావ నా కంటే పొడుగు. సీటు దించితే ఆయన మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. నడుం నొప్పి మనిషికి ఎత్తు సీటే హాయి. నువ్వు సరిగ్గానే రాశావా?

నీ తమ్ముడు,
జాన్‌బాబు.

&nbsp;

గోపాలపట్నం,
20 సెప్టెంబరు 1978.

అక్కా,

బండి ఘాటు ఎక్కింది. బాగా ఎక్కింది. బ్రేకులు కొంచెం మార్చాలి. ఆలస్యమవుతుంది. ఇక్కడ అంతా క్షేమం. తర్వాత రాస్తాను.

జాన్‌బాబు.

&nbsp;

ఎలమంచిలి,
25 సెప్టెంబరు 1978.

తమ్ముడికి,

నీ ఉత్తరం చదవడానికి క్షణం పట్టలేదు. చూస్తూ మాత్రం చాలాసేపు కూర్చున్నాను. అవి ఎడమ చేత్తో రాసిన అక్షరాలు. మా ఆసుపత్రిలో కుడి చేతి వేళ్ళు పోయినవాళ్ళు ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని పలక పట్టుకునేదాన్ని నేను. నన్ను మభ్యపెట్టలేవు. విరిగింది మణికట్టా, మోచెయ్యా? ఎవరు కట్టారు? వేళ్ళు కదులుతున్నాయా? సన్యాసిరాజు ఎలా ఉన్నాడు? అన్నిటికీ జవాబు కావాలి. చెయ్యి నొప్పిగా ఉంటే జయశీల చేత రాయించు.

నీ చేత నిజం చెప్పించాలంటే నేనూ చెప్పాలి. మీ బావకి నడుం నొప్పి లేదు. చూపు పోతోంది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కన్ను గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉందంటారు. కంటి డాక్టరు నరం ఎండిపోతోందన్నారు, పోయింది తిరిగి రాదన్నారు. ఈ ఏడు కొత్త అమావాస్య తిరునాళ్ళలో ఒక మేకని గుద్దేదాకా నాకు కూడా చెప్పలేదు. ఆసుపత్రికి తెలిస్తే పని తీసేస్తారని, నీకు తెలిస్తే చులకనైపోతానని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాకే పోస్టు చేస్తున్నాను. విని, కాగితం తీసుకుని వేళ్ళతో తడిమారు. తర్వాత, "ఆడి సెయ్యి ఇరగ్గొట్టినాక దాసడమేటి, ఉన్నదున్నట్టు రాసీ," అన్నారు.

కాబట్టి బండి నడిపేది నేను. వేసవి నుంచీ నేనే నడుపుతున్నాను. రైల్వే గూడ్సు షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఆయనే నేర్పారు. నేను క్లచ్ ఒక్కసారిగా వదిలేసి గెంతుతుంటే, పక్కన పరిగెత్తుతూ, "సీరియల్‌గా ఒదులు, సీరియల్‌గా!" అని అరిచేవారు. మెల్లగా అనడానికి ఆయనకి ఆ ఇంగ్లీషు మాటే ఎందుకు దొరికిందో ఇప్పటికీ తెలియదు.

నీ అక్క,
రత్నమణి.

&nbsp;

గోపాలపట్నం,
4 అక్టోబరు 1978.

అక్కా,

నేను చెప్తుంటే జయశీల రాస్తోంది. విరిగింది మణికట్టు. పోర్టు ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేశారు. వేళ్ళు కదులుతున్నాయి. సన్యాసిరాజుకి మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అంతే.

ఎక్కడం గాలిలా ఎక్కింది. దిగేటప్పుడే తెలిసింది. ఇలాంటి ఇంజిన్ దిగుడులో బండిని పట్టి ఆపదు. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ బ్రేకులు అరవై సీసీ బండి బ్రేకులు. రెండు మలుపులు పట్టాయి, మూడో మలుపుకి వేడెక్కి జారిపోయాయి. ఎంత నొక్కినా వెన్న నొక్కినట్టే. లోయలో పడేకంటే నయమని కొండవైపు కాలవలోకి పోనిచ్చాను. సన్యాసిరాజు నా మీద నుంచి లేచి, మొదట బండి అతుకులు తడిమి చూశాడు. "ఇరగనేదు బావా," అన్నాడు. అప్పుడు నా చెయ్యి చూశాడు.

ఇంతకంటే ముందు నీ ఉత్తరం అంది ఉంటే ఆ ఇంజిన్ ముట్టుకునేవాణ్ణే కాదు. నా చేతుల్లోనే ఆగని బండిని నీకెలా ఇస్తాను? నువ్వు పడితే లేపడానికి వెనకున్నది చూపు లేని మనిషి. బావ మీద నాకు చులకన లేదు. కోపం మాత్రం ఉంది. నిన్ను గుట్టల మీదకి ఎక్కించడానికి ఆయనకి మనసెలా ఒప్పింది? కట్టు విప్పగానే పాత ఇంజిన్ పెట్టి పంపేస్తాను. ఇంకెవరినైనా నడపమనండి. లేకపోతే ఆ ఊరు మానేయండి.

జాన్‌బాబు.

వదినా, ఈయన అన్నట్టే రాశాను. మీరు కంగారు పడొద్దు. నిద్రలో కూడా "బ్రేకు, బ్రేకు" అంటున్నారు. — జయశీల.

&nbsp;

ఎలమంచిలి,
12 అక్టోబరు 1978.

తమ్ముడికి,

నీ కోపం నాకు అర్థమైంది. అమ్మ పోయాక నన్ను ఎవరూ ఇలా కోప్పడలేదు.

ఒక సంగతి విను. మే నెలలో, పాత ఇంజిన్‌తోనే, గొడుగుపాలెం గుట్ట మధ్యలో బండి ఆగిపోయింది. ఆగిపోవడమే కాదు, వెనక్కి జారింది. నా కాళ్ళు నేలకి సరిగ్గా అందలేదు. మీ బావ దూకి, వెనక చక్రం కింద తన చెప్పుకాలు పెట్టి ఆపారు. అంచుకి, మాకు మధ్య ఒక సీతాఫలం చెట్టు ఉంది, అంతే. దిగేటప్పుడు ఆగని బండి ఎంత ప్రమాదమో, ఎక్కేటప్పుడు ఆగిపోయే బండి కూడా అంతే ప్రమాదం. నువ్వు పాత ఇంజిన్ పెట్టి పంపినా నేను ఆ గుట్ట ఎక్కుతాను. అది నీకు తెలియాలనే రాస్తున్నాను, బెదిరించడానికి కాదు.

ఆ ఊరు మానేయమన్నావు. ఆ పల్లెలో గంగాలమ్మ అని ఒక మనిషి ఉంది. మచ్చలు బయటపడ్డప్పటి నుంచి పూరింట్లో తలుపేసుకుని ఉంటుంది. ఆమెని నేను ఇంతవరకు చూడలేదు. కోడలు గుమ్మంలో కంచం పెట్టి వెళ్తుంది, అది ఖాళీ అయి ఉంటుంది కాబట్టి బతికి ఉందని తెలుసు. మాత్రలు గుమ్మంలో పెట్టి వస్తే అలాగే పడి ఉంటున్నాయి. మేము మానేస్తే ఇక ఆ తలుపు ముందు నిలబడే మనిషే ఉండడు.

మీ బావ మొన్న సోమవారం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి చూపు సంగతి తనే చెప్పేశారు. మచ్చ పోల్చలేని కళ్ళతో రోగుల్ని పరీక్ష చెయ్యడం తప్పని చెప్పి, ఉద్యోగం వదిలేస్తానన్నారు. డాక్టరుగారు వదలనివ్వలేదు. "పరీక్ష మీ ఆవిడ చేస్తుంది. రోగులు నోరు విప్పేది నీ దగ్గరే. నువ్వు మాట్లాడు," అన్నారట. ఇంటికొచ్చి నాకు చెప్తూ చంటిపిల్లాడిలా ఏడ్చారు.

నాకు ఎక్కే బండీ, ఆగే బండీ కావాలి. రెండూ ఒకటే బండి కావాలి. చెయ్యగలవా?

నీ అక్క,
రత్నమణి.

&nbsp;

గోపాలపట్నం,
19 నవంబరు 1978.

అక్కకి, బావగారికి వందనాలు.

కట్టు విప్పారు. అక్షరాలు ఇంకా కుదురుకోలేదు, మన్నించు.

నీ ఉత్తరం సన్యాసిరాజుకి చదివి, ఏం చెయ్యమంటావని అడిగాను. అతను బీడీ ముట్టించి, "మాయమ్మ ఎడ్లబండి తోలీది. మా బాబు ఎనకాల తొంగునీవోడు. సంతకెళ్ళి రానేదా మేము? ఎవులు తోల్తే ఏటి బావా, బండి మంచిదవ్వాల గాని," అన్నాడు. అతనికి అది పెద్ద సంగతే కాదు. నేను మాత్రం ఆ రోజంతా నా మీద నేనే సిగ్గుపడ్డాను.

కంచరపాలెం వెళ్ళి, ఆ తుక్కు రాజ్‌దూత్ చక్రాలు రెండూ తెచ్చాను. వాటి బ్రేకు డ్రమ్ములు మన పాతవాటి పక్కన పెడితే, గిన్నె పక్కన గంగాళంలా ఉన్నాయి. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వెడల్పు చెయ్యాల్సి వచ్చింది. వెనక పళ్ళచక్రం పెద్దది వేశాను. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. నీకు పందేలు లేవు కదా. సీటు దించాను. కిక్కు లివరు పొడుగు చేశాను, నీ బరువుకే తిరుగుతుంది. చైను మొత్తం రేకు పెట్టెలో ఉంది. నీ చీర దాని వాసన కూడా చూడదు.

ఘాటు మీద నేనే మళ్ళీ తీసుకెళ్ళాను. కావాలని ప్రతి మలుపులోనూ ఆపాను. ప్రతి మలుపులోనూ ఆగింది.

కాని పార్సిల్లో పంపను. నువ్వే వచ్చి తీసుకెళ్ళాలి. నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ ఘాటు ఎక్కి దిగాలి. లైసెన్సు పరీక్ష సంగతీ, బండి పుస్తకంలో కొత్త ఇంజిన్ ఎక్కించే సంగతీ అప్పుడే చూసుకుందాం. బావని కూడా తీసుకురా. ఆయనతో నేను మాట్లాడాలి. కోప్పడడానికి కాదు.

నీ తమ్ముడు,
జాన్‌బాబు.

&nbsp;

ఎలమంచిలి,
7 జనవరి 1979.

తమ్ముడికి, జయశీలకి దీవెనలు.

మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ మీ బావ మొహం తేటగా ఉంది, అలా చూసి చాలాకాలమైంది. నువ్వూ ఆయనా షెడ్డులో ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పరు, నేనూ అడగను. ఘాటు దిగేటప్పుడు నువ్వు నా వెనక కూర్చుని పాడిన కీర్తన మాత్రం శ్రుతిలో లేదు. భయపడేవాడు పాడకూడదు.

బండి నిన్న గొడుగుపాలెం ఎక్కింది. ఎక్కడా దిగలేదు. ఇంజిన్ ఒక్కసారి కూడా మూలగలేదు.

అయితే కింద ఊళ్ళలో ఆయనకి ఇంకా మొహమాటం. ప్రతి ఊరికీ ముందు, "ఇక్కడ ఆపు, నాను నడిసొస్తాను," అని దిగిపోయేవారు. పెళ్ళాం వెనక కూర్చుని రావడం జనం చూడకూడదని. నేను ముందు వెళ్ళి, బండి దగ్గర నిలబడేదాన్ని. ఎడమ కన్నూ ఇప్పుడు దాదాపు పోయింది, ఆయన కర్రతో తడుముకుంటూ వచ్చేవారు. నిన్న గుట్ట మీద మాత్రం ఆపమని అడగలేదు. ఎందుకో నాకు తెలియదు. అంత నిలువు దారిలో ఆపితే నేను మళ్ళీ ఎక్కించలేననుకున్నారేమో. అలాగే నా భుజం పట్టుకుని పల్లె నడివీధిలోకి వచ్చారు. పొద్దున్న వేళ, అందరూ బయటే ఉన్నారు. పిల్లలు వెంటపడ్డారు. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడిపోయాయి.

బండి గంగాలమ్మ గుమ్మం ముందు ఆపాను. ఎప్పట్లాగే తడిక తలుపు వేసి ఉంది. ఎప్పట్లాగే పిలిచాను. జవాబు లేదు. ఇక వెళ్దామని తిరుగుతుంటే, తడిక సందులోంచి గొంతు వినిపించింది. ఆ గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

"ఓ బాబూ. పెళ్ళాం బండి తోల్తే ఎనకాల కూకొని ఒచ్చినావేటి? సిగ్గు నేదా నీకు?"

వీధిలో అందరూ నవ్వారు. ఆయన బండి దిగి, గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపుకుంటూ వెళ్ళి, గుమ్మంలో చతికిలబడ్డారు.

"సిగ్గే తల్లీ," అన్నారు. "సచ్చేటంత సిగ్గు. నాకు కళ్ళు ఆనవు. నానే తోల్తే ఇద్దరం లోయలో పడిపోతాం. సిగ్గని ఇంట్లో కూకుంటే నీ కాడికి ఎవులొస్తారు?"

లోపల అడుగులు తడిక దగ్గరికి వచ్చాయి.

"నిజంగా ఆనవా?"

"నిజంగా ఆనవు. నువ్వెలగున్నావో నాకు అవుపడదు."

తడిక కదిలింది. ముందు ఒక చెయ్యి వచ్చింది. ఆయన మొహం ముందు ఆ చెయ్యి అటూ ఇటూ ఆడించి చూసింది. ఆయన రెప్ప వెయ్యలేదు. అప్పుడు ఆమె గడప దాటి బయటికి వచ్చి, ఆయన పక్కన ఎండలో కూర్చుంది. పాదం నా వైపు చాపింది.

నేను కట్ల సంచీ విప్పాను.

నీ అక్క,
రత్నమణి.